కైసేరి (టర్కీ): కప్పడోకియా వెళ్లే ముందు రెండు రోజులు ఆగడం దండగా?

ప్రశ్న: గోదారిగట్టు
అక్టోబర్‌లో డల్లాస్ నుంచి ఇస్తాంబుల్ మీదుగా కైసేరిలో దిగుతున్నాం. నలుగురం, అందులో ఇద్దరు శాకాహారులు. అది ఫర్నిచర్ ఫ్యాక్టరీల ఊరు, దిగగానే గొరెమె (కప్పడోకియాలో పర్యాటకులు దిగే ఊరు) బండి ఎక్కేయమని అందరూ అంటున్నారు. కుల్‌తెపె (పురాతన వర్తక నగరం తవ్విన దిబ్బ) చూడాలని ఉంది. వీసా, తిండి, దారి గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

రాతికోట
రెండు రోజులూ ఉంచుకోండి. గొరెమె గంట పైచిలుకు దూరమే, ఎక్కడికీ పోదు.

మొదటి రోజు కోటలోని పురావస్తు మ్యూజియం. కుల్‌తెపెకి ముందే ఇది చూడాలి. దిబ్బ దగ్గర మిగిలినవి రాతి పునాదులే, ఏమీ తెలియకుండా వెళితే అరగంటలో విసుగొస్తుంది. మ్యూజియంలో అరచేతిలో పట్టే మట్టి పలకలు చూడండి. ఉత్తరం రాసి, దాని చుట్టూ మళ్లీ మట్టితోనే కవరు చేసి, పైన ముద్ర దొర్లించేవారు. దాదాపు 4,000 ఏళ్ల కిందట అస్సూరు (ఇప్పటి ఇరాక్‌లోని పురాతన నగరం) వర్తకులు గాడిద ఒక్కింటికి 65 కిలోల దాకా తగరం, పైన బట్టలు వేసుకుని ఈ పీఠభూమి ఎక్కి, వెండి, బంగారం తీసుకెళ్లేవారు. అప్పులు, వడ్డీలు, ఇంటినుంచి భార్యల నిష్ఠూరాలు అన్నీ ఆ పలకల్లోనే ఉన్నాయి. 23,000కు పైగా దొరికాయి, ఎక్కువ భాగం అంకారాలో ఉంది.

రెండో రోజు పొద్దున్నే టాక్సీ మాట్లాడుకోండి, రానూపోనూ, అక్కడ ఆగే సమయంతో కలిపి. కుల్‌తెపె సివాస్ రోడ్డులో 20 కిలోమీటర్లు. నీడ ఉండదు, నీళ్లు, టోపీ తప్పనిసరి. అదే రోడ్డులో ఇంకా ముందుకెళితే 1230లలో కట్టిన సెల్జుక్ (మధ్యయుగపు తుర్కు రాజవంశం) సత్రం సుల్తాన్‌హనీ వస్తుంది. జాగ్రత్త: మ్యాప్‌లో ‘సుల్తాన్‌హనీ’ అని కొడితే అక్సరాయ్ వైపు, పూర్తిగా ఎదురు దిక్కున ఉన్నది చూపిస్తుంది. డ్రైవర్‌కి ‘తుజ్‌హిసారి’ అని ఊరి పేరు చెప్పండి.

ఫ్యాక్టరీల ఊరన్నది నిజమే, అదీ చూడదగ్గదే. 1935లో సోవియట్ సాయంతో కట్టిన, సుమెర్‌బ్యాంక్ అనే ప్రభుత్వ సంస్థ బట్టల మిల్లు ఇప్పుడు యూనివర్సిటీ క్యాంపస్.

పాస్‌పోర్ట్‌పెట్టె
భారత పాస్‌పోర్ట్ అయితే చెల్లుబాటులో ఉన్న అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్ లేదా షెంగెన్ వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ ఉంటేనే ఈ-వీసా: 30 రోజులు, ఒకే ప్రవేశం. అది టర్కీలో అడుగుపెట్టే రోజుకి చెల్లాలి. హెచ్1బీ స్టాంపు గడువు తీరిపోయి చేతిలో ఐ-797 (హెచ్1బీ ఆమోద పత్రం) మాత్రమే ఉంటే అది వీసా కాదు, కాన్సులేట్‌లో స్టిక్కర్ వీసాకి వెళ్లాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఇస్తాంబుల్‌లో రెండు విమానాశ్రయాలు, కైసేరి విమానాలు రెండింటి నుంచీ ఉంటాయి. దిగేదీ ఎక్కేదీ ఒకటేనా చూసుకోండి. వేరైతే ఊరు దాటాలి, ట్రాఫిక్‌లో గంటలు పోతాయి.

మెంతిపొడి
శాకాహారులకి: ఎర్ర పప్పు సూపు ‘మెర్జిమెక్’ అన్నిచోట్లా ఉంటుంది, కానీ కొన్నిచోట్ల మాంసం మరిగించిన నీళ్లు పోస్తారు. గోధుమరవ్వ పులావుకీ అంతే. ‘ఎత్ సుయు వార్ మ?’ అని అడగండి, అంటే ‘మాంసం నీళ్లున్నాయా?’ అని. ‘ఎత్‌సిజ్’ (మాంసం లేకుండా) అని మాత్రమే అంటే ముక్కలు తీసేసి అదే పులుసు తెస్తారు. చీజ్ పెట్టిన ‘సు బొరెయి’ (పొరలు పొరలుగా చేసే పిండివంట) అడిగి తీసుకోండి, కడుపు నిండుతుంది.

ఊరికి పేరు తెచ్చిన మంతీలో (చిన్న చిన్న పిండి పొట్లాలు) కీమా ఉంటుంది. చెంచాలో 40 పట్టేంత చిన్నవి చేయాలంటారు. పాస్తిర్మా అంటే ఎండబెట్టిన గొడ్డు మాంసం, మెంతిపిండి, వెల్లుల్లి, మిరపపొడి ముద్ద పట్టించి ఆరబెడతారు. ఆ బజారులో మన వంటింటి మెంతుల వాసనే కొడుతుంది, తినకపోయినా ఒకసారి నడవండి.

గోదారిగట్టు
ఎర్జియెస్ కొండ మీద అక్టోబర్‌లో మంచు ఉంటుందా?

రాతికోట
శిఖరం 3,917 మీటర్లు, అక్కడ కొత్త మంచు పడొచ్చు. స్కీయింగ్ మాత్రం డిసెంబర్ నుంచే. ఊరు 1,050 మీటర్లు, కొండ మీది స్కీ కేంద్రం తెకిర్ 2,200, అంటే అరగంట ప్రయాణంలో చలి చప్పున పెరుగుతుంది. దెవెలి ఊరికి వెళ్లే మినీబస్సు తెకిర్‌లో ఆగుతుంది. కోటు బ్యాగులో కాదు, చేతిలో ఉంచుకోండి.