పల్లాడియంలో పుట్టే వేడికి కారణం సంలీనమే అయితే, గామా కిరణం ఎక్కడ?
(భారజలం, పరమాణువు, ట్రిటియం అనే మారుపేర్లతో ముగ్గురి చర్చ)

భారజలం:
1989 మార్చి 23న యూటా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్తలు ఫ్లైష్‌మన్, పాన్స్ భారజలాన్ని (మామూలు హైడ్రోజన్‌కు బదులు బరువైన డ్యూటీరియం ఉన్న నీటిని) పల్లాడియం లోహపు కాథోడ్‌తో విద్యుద్విశ్లేషణ చేస్తే లెక్కకు మించిన వేడి వచ్చిందని ప్రకటించారు. అది నిజమే అనుకుందాం. ఏ కేంద్రక చర్య దాన్ని ఇవ్వగలదు? నాకు రెండు డ్యూటీరియం కేంద్రకాలు కలిసి హీలియం-4 అయ్యే దారే నమ్మదగినదిగా ఉంది. వేడి ఎక్కువ వచ్చిన ఘటాల్లోనే హీలియం కనబడిందని అమెరికాలో మెల్విన్ మైల్స్ బృందం చెప్పింది.

పరమాణువు:
రెండు డ్యూటీరియం కేంద్రకాలు కలిస్తే (సంలీనం అంటే అదే) దాదాపు సగం సార్లు హీలియం-3, న్యూట్రాన్ వస్తాయి. మిగతా సగం ట్రిటియం (హైడ్రోజన్‌లో ఇంకా బరువైన రకం), ప్రోటాన్. మీరు చెప్పే హీలియం-4 దారి సుమారు కోటికి ఒకసారి, అదీ 23.8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణంతో. మామూలు దారుల్లో ఒక్క వాటు వేడి రావాలంటే సెకనుకు లక్ష కోట్లకు పైగా సంలీనాలు జరగాలి. అన్ని న్యూట్రాన్ల మధ్య ప్రయోగశాలలో మనిషి నిలబడలేడు.

భారజలం:
ఆ లెక్క శూన్యంలో ఢీకొనే కేంద్రకాలది. లోహ జాలకం, అంటే లోహంలోని పరమాణువుల అల్లిక, ఆ శక్తిని పంచుకుంటే? భౌతిక శాస్త్రవేత్త జూలియన్ ష్వింగర్ ఆ దిశగానే ఆలోచించారు.

పరమాణువు:
ష్వింగర్ అంటే నాకూ గౌరవమే. కానీ కాంతి పక్క పరమాణువును చేరేలోపే ఉత్తేజిత హీలియం కేంద్రకం వందల సార్లు విడిపోగలదు. జాలకానికి కబురు అందేదెప్పుడు? ఇంకొకటి. మీ దారిలో ఒక వాటు చొప్పున రోజంతా నడిస్తే పుట్టే హీలియం ఒక ఘన మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక గ్లాసుడు గాలిలో దాదాపు అంత హీలియం ఉంది. పైగా అది గాజులోంచి కూడా చొరబడుతుంది.

ట్రిటియం:
ముంబైలోని మన ట్రాంబేను మరవకండి. 1989లోనే భాభా అణు పరిశోధన కేంద్రం బృందాలు ట్రిటియం కనబడిందని నివేదించాయి. న్యూట్రాన్లు మాత్రం దానితో పోలిస్తే అతి స్వల్పం.

పరమాణువు:
చిక్కంతా అక్కడే. సంలీనంలో పుట్టిన ట్రిటియం వేగంగా దూసుకెళ్లి చుట్టూ ఉన్న డ్యూటీరియాన్ని ఢీకొంటుంది. అప్పుడు 14 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లు రావాలి. వాటిని చూపించండి. 2025లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వారు పల్లాడియంలోకి విద్యుత్ రసాయన పద్ధతిలో డ్యూటీరియం నింపి, సంలీనం రేటు సగటున 15 శాతం పెరిగిందన్నారు. వేడితో కాదు, న్యూట్రాన్లను లెక్కించి. అది నేను ఒప్పుకుంటాను.

భారజలం:
గామా ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అయితే గాలి చొరబాటు వేడిని బట్టి మారదు కదా? గాలి దూరని లోహపు ఘటంలో, వేడి రాని మామూలు నీటి ఘటాన్ని పక్కనే ఉంచి హీలియం కొలవాలి. తేడా వేడితో పాటే పెరిగితే మీరేమంటారు?

పరమాణువు:
గాలిలో ఉండే ఆర్గాన్ వాయువును కూడా కొలవండి. గాలి చొరబడితే అదీ పెరుగుతుంది. ఆర్గాన్ కదలకుండా హీలియం ఒక్కటే పెరిగితే నేను మళ్లీ మొదటి నుంచి ఆలోచిస్తాను.