అంబులెన్స్ కోసం ఫోన్ చేసినవాళ్ల కాల్ కట్ అయ్యాక వాళ్లకేమైందో తెలియదు, ఇంటికొచ్చాక నిద్ర పట్టదు. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ముళబాగిలు_అమ్మాయి

బెంగళూరులో అంబులెన్స్ కాల్స్ తీసుకునే ఉద్యోగం నాది. ఏ నంబరు, ఏ ఆఫీసు అని అడక్కండి. మాది ముళబాగిలు వైపు, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. దాంతో కోలారు, చింతామణి, బాగేపల్లి నుంచి ఎవరైనా తెలుగులో ఏడుస్తూ ఫోన్ చేస్తే పక్క సీటువాళ్లు నాకే కలిపేస్తారు.

పని రాక కాదు నా బాధ. ముందు అడ్రస్ అడగాలి, ఎందుకంటే లైన్ తెగిపోయినా బండి బయల్దేరుతుంది. అవతల "మా నాన్న పడిపోయాడు" అని అరుస్తుంటే నేను "ఏ క్రాస్, ఏ మెయిన్, ఏ ఏరియా" అంటూ ఉంటాను. బెంగళూరు సంగతి తెలిసిందే, ప్రతి లేఅవుట్‌కీ ఒక ఫోర్త్ క్రాస్ ఉంటుంది, వాళ్లేమో ఏరియా పేరు వదిలేసి "ఫోర్త్ క్రాస్, అయ్యంగార్ బేకరీ పక్కన" అంటారు, ఆ బేకరీ లేని ఏరియా ఎక్కడుంది చెప్పండి. నీకు మనసు లేదా అని తిడతారు. ఆ తిట్లు నాకు అంటవు, నిజంగా.

నన్ను పట్టుకున్నది గురక. గుండె ఆగిపోయిన కొందరికి మొదటి కొన్ని నిమిషాలు ఆగి ఆగి ఒక ఎగశ్వాస వస్తుంది. ఇంట్లోవాళ్లు అది చూసి "గురక పెడుతున్నాడు మేడం, నిద్రపోతున్నట్టున్నాడు" అంటారు. అది ఊపిరి కాదని ఫోన్‌లోనే కనిపెట్టి ఛాతీ నొక్కించాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నేను "ఒందు, ఎరడు, మూరు, నాల్కు" అని లెక్కపెడుతుంటే అవతల ఎవరో కొడుకో కోడలో నొక్కుతూ ఉంటారు, వాళ్ల రొప్పు నాకు వినబడుతుంది. తలుపు చప్పుడు, మనవాళ్లు వచ్చారు, కట్. ఆ మనిషి బతికాడా లేదా నాకు తెలియదు. మరుక్షణం ఇంకో బీప్, ఎవడో పిల్లాడు "అక్కా, పిజ్జా పంపిస్తారా" అని నవ్వుతాడు.

మా ఆయనకి గురక అలవాటు, పెళ్లయినప్పటి నుంచీ అది వింటూనే హాయిగా పడుకునేదాన్ని. ఇప్పుడు ఆ గురక కాస్త ఆగితే చాలు, లేచి కూర్చుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. మెట్లెక్కుతుంటే నోట్లో ఒందు, ఎరడు వచ్చేస్తోంది. మొదలై రెండు మూడు నెలలు దాటింది. మా అత్తగారు "ఫోన్లు ఎత్తే పనేగా తల్లీ" అంటారు, ఆవిడ తప్పేం లేదు, చూసేవాళ్లకి అంతే. ఇది దానంతటదే సర్దుకుంటుందా, లేక మానేయడమే దారా?

సూటిగా_చెప్తా

రోడ్డు మీద రక్తం తుడిచేవాళ్లున్నారు. ఏసీలో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడేదానికి ఇంత టెన్షనా? అందరి ఉద్యోగాల్లోనూ ఒత్తిడి ఉంటుంది.

హోసూరురోడ్డు_బండి

ఆ రక్తం తుడిచేవాణ్ణి నేనే బ్రదర్, అంబులెన్స్‌లో ఈఎంటీని, అంటే బండిలో పేషెంట్‌ని చూసుకునేవాణ్ణి. మా సంగతి మీరు చెప్పక్కర్లేదు. నేను వెళ్తే మనిషి కనిపిస్తాడు, నాడి చూస్తాను, ఆక్సిజన్ పెడతాను, ఆస్పత్రిలో అప్పగించి సంతకం తీసుకుంటాను. పోతే పోయాడని తెలుస్తుంది, ఆ రోజు పైలట్, అంటే మా డ్రైవరు, నేనూ రోడ్డు పక్కన టీ తాగి ఒక మాట అనుకుంటాం. వీళ్లకి కథ సగంలో తెగిపోతుంది, అలాంటివి రోజంతా. పైగా సిల్క్ బోర్డ్ దగ్గర బండి కదలకపోతే ఇంటివాళ్లు మాకు చెయ్యరు, మళ్లీ వీళ్లకే ఫోన్ చేసి తిడతారు. నేనైతే ఆ కుర్చీలో ఒక్క నైట్ షిఫ్ట్ కూడా చెయ్యను.

అక్కా, మీ సెంటర్లో కేసు ఏమైందో మళ్లీ చెప్పే పద్ధతి లేదా? మా దగ్గర ఒకరిద్దరు ఆపరేటర్లు షిఫ్ట్ అయ్యాక "ఆ ముసలాయన ఎలా ఉన్నాడు" అని అడుగుతారు, పేషెంట్ పేరూ వివరాలూ లేకుండా "చేర్చాం, మాట్లాడుతున్నాడు" అనో, "లేదు" అనో చెప్తాను. లేదు అని చెప్పినా సరే, వాళ్లు థాంక్స్ అనే అంటారు.

వేలచ్చేరి_బాబాయి

అమ్మా, నేను చెన్నైలో ఇదే పని కొన్నేళ్లు చేసి మానేసినవాణ్ణి. ఈఎంటీ తమ్ముడు చెప్పింది ముమ్మాటికీ నిజం. 2015 డిసెంబర్ వరదలప్పుడు సైదాపేట, ముడిచ్చూరు, కోట్టూర్‌పురం నుంచి ఫోన్లు. నీళ్లు నడుముదాకా వచ్చాయి, పై అంతస్తులో డయాలసిస్ పేషెంట్ ఉన్నాడు అంటారు. అక్కడికి బండి పోదు, పడవ పోవాలి. పడవ నా చేతిలో లేదు. నోట్ చేసుకుని పంపిస్తాం అని చెప్పడం తప్ప ఏం చేస్తాం, తర్వాత నెట్‌వర్క్ పోయి వాళ్ల ఫోనే కలవలేదు. 2021 మేలో ఆక్సిజన్ బెడ్ల కోసం జీహెచ్, అంటే ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి, బయట అంబులెన్సులు వరస కట్టినప్పుడు నేను ఇంకా ఆ సీట్లోనే ఉన్నాను. ఆ కాలంలో నాకు ఏడుపు రాలేదు, అసలేమీ రాలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇంట్లో పాపకి జ్వరం వస్తే "ఊపిరి ఉందా" అని అడిగానట, మా ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది.

మానెయ్యమని నేను చెప్పను. నేను మానేసిన కారణం కాల్స్ కాదు, అలాంటి కాల్ అయ్యాక పది నిమిషాలు లేచి నిలబడే వీలు లేకపోవడం. స్క్రీన్ మీద సెకన్లు ఎర్రగా మారుతుంటే నీళ్లు తాగడానికి కూడా చెయ్యెత్తాల్సి వచ్చేది. ముందు ఆ పది నిమిషాల కోసం కొట్లాడు.

జయనగర్_సోషల్‌వర్కర్

మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

సూటిగా చెప్పేవారికి: మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం 2013లో వచ్చింది, ఉద్యోగంలో భాగంగా దారుణాల వివరాలు మళ్లీమళ్లీ వినాల్సి రావడాన్ని కూడా అందులో పీటీఎస్‌డీకి (దారుణ అనుభవం తర్వాత మనసుని వదలని జబ్బు) దారితీసే అనుభవాల్లో చేర్చారు. కళ్లతో చూడాలనేం లేదు. 2012లో అమెరికాలో 911 అనే అత్యవసర నంబరుకి వచ్చే కాల్స్ తీసుకునే 171 మంది ఉద్యోగుల మీద వచ్చిన అధ్యయనం కూడా దూరంగా కూర్చున్నంత మాత్రాన రక్షణ ఉండదనే చెప్పింది. అయినా అక్కడి ప్రభుత్వ ఉద్యోగాల పట్టిక 2018లో సవరించినప్పుడు కూడా వాళ్లని ఆఫీసు గుమాస్తాల వర్గంలోనే ఉంచింది, పోలీసులు, ఫైర్‌వాళ్లున్న వర్గంలోకి మార్చలేదు. మీ అత్తగారి మాటే, కాకపోతే అధికారికంగా.

అమ్మాయీ, నెల దాటినా నిద్ర చెడుతోంది, గురక ఆగితే ఉలిక్కిపడి లేస్తున్నారు, ఊరికే చెక్ చేస్తున్నారు అంటే ఒకసారి చూపించుకోవాల్సిందే. భయపడకండి, దీనికి మంచి చికిత్సలున్నాయి, ట్రామా (మనసుకి తగిలిన గాయం) మీద పనిచేసే సీబీటీ అనే మాటల చికిత్స, కళ్లని అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాల మీద పనిచేయించే ఈఎండీఆర్ రెండూ పరీక్షకి నిలిచినవే. ఇంకో మాట, పెద్ద కేసు అయిన రోజే అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే ఒకరోజు సెషన్ మీ ఆఫీసువాళ్లు పెడితే, ఇష్టం లేకపోతే మాట్లాడకండి. అలాంటి ఒక్కసారి సెషన్ల వల్ల పీటీఎస్‌డీ ఆగదని తేలింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే అంది. టీ తాగుతూ ఇష్టమైనవాళ్లతో మాట్లాడుకోవడం వేరు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యండి, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, భాషల్లో తెలుగు ఎంచుకోవచ్చు.

ముళబాగిలు_అమ్మాయి

అందరికీ థాంక్స్. బాబాయ్, పది నిమిషాల సంగతి టీమ్ లీడర్‌ని అడిగాను, "శనివారం యోగా పెట్టాం కదమ్మా" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మళ్లీ రాతపూర్వకంగా అడుగుతాను, ఇంకో నలుగురు సంతకం పెడతామన్నారు. ఈఎంటీ అన్నా, కేసు ఏమైందో అడిగే పద్ధతి మా దగ్గర లేదు, అడిగితే "నీకెందుకు" అంటారు, అదీ ఆ లెటర్లోనే రాస్తాం.

14416 మాత్రం నా వల్ల కాదు మేడం. ఎనిమిది గంటలు ఫోన్‌లో ఉండి మళ్లీ ఇంకో ఫోన్, అవతలివాళ్లు కూడా నాలాగే హెడ్‌సెట్ పెట్టుకుని ఉంటారు కదా అనిపిస్తోంది.

జయనగర్_సోషల్‌వర్కర్

అర్థమైంది, మీరన్నది సబబే. అయితే నేరుగా నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య ఆస్పత్రి) ఓపీకి వెళ్లండి, హోసూరు రోడ్డులోనే. రద్దీ ఉంటుంది, కాబట్టి వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే వెళ్లి రిజిస్ట్రేషన్ చేయించుకోండి. మీవారిని వెంట తీసుకెళ్లండి, రాత్రి మీరు ఎన్నిసార్లు లేస్తున్నారో డాక్టరుకి ఆయనైతే సరిగ్గా చెప్తారు. కొన్నాళ్లు నైట్ షిఫ్ట్ వద్దని డాక్టర్ రాసిస్తే ఆ కాగితం జాగ్రత్తగా పెట్టుకుని మీ లెటర్‌తో పాటు ఇవ్వండి, యోగా అన్న టీమ్ లీడర్‌కి కాదు, ఆయన పైవాళ్లకి.