పోటీకెళ్ళి ఓడిపోయి వచ్చాక మీకేం మిగిలింది? (చెస్ అయినా, ఇంకే ఆటైనా)

గుంటూరు_నాన్న:
అందరికీ నమస్తే. మా పాపకి పదకొండేళ్ళు, మూడేళ్ళ నుంచి చెస్ ఆడుతోంది. పోయిన వారం ఒక రేటింగ్ టోర్నమెంట్‌కి తీసుకెళ్ళాను, తొమ్మిది రౌండ్లు, మూడున్నర పాయింట్లు వచ్చాయి. దానికి బాధ లేదు. ఆరో రౌండ్‌లో ఒక గుర్రం ఎక్కువుండి కూడా గేమ్ చేజార్చుకుంది, బయటికొచ్చి నా చొక్కా పట్టుకుని ఏడుస్తూ ఇంక నేను ఆడను నాన్నా అంది. నేనేమో "అంత తేలికైన గేమ్ ఎలా పోగొట్టావమ్మా" అనేశాను. అప్పట్నించీ ఆ మాటే గుర్తొస్తోంది. పోటీలు ఆడినవాళ్ళు, పిల్లల్ని ఆడించినవాళ్ళు మీకు జరిగింది చెప్తారా?

ఓరుగల్లు_బంటు:
అన్నా, ఓడింది కాదు, నేను గెల్చింది చెప్త. పదో తరగతిల ఉన్నప్పుడు హన్మకొండల ఆడిన, ఆఖరి రౌండ్. జరుపుదామనే రాజును పట్టిన, పట్టినంక సమజైంది అది జరిపితే బంటు పోతది, బంటు పోతే గేమ్ పోతదని. ముట్టుకున్న పావునే జరపాలె, రూల్ నాకు ఎర్కనే. అవతలి పిలగాడు నీళ్ళు తాగనీకి లేచిపోయిండు, ఆర్బిటర్, అంటే రెఫరీ, వేరే బోర్డు కాడ ఉన్నడు. రాజును ఇడిచిపెట్టి ఏనుగును జరిపిన. గెలిచిన, కప్పు ఇచ్చిన్రు. ఆ కప్పు ఇప్పటికీ ఇంట్లనే ఉన్నది, మా అమ్మ ప్రతి దసరాకు తుడిచి పెడ్తది, నాకు మాత్రం దాని దిక్కు చూడబుద్ధి కాదు. ఆ పిలగాడు నాకు చెయ్యిచ్చి మంచిగ ఆడినవ్ అన్నడు. మీ బిడ్డ నిజాయితీగ ఓడింది, ఆమెకు ఇట్లాంటి బరువేం లేదు అన్నా.

కూత_ఆపని_వాడు:
మాది భీమవరం దగ్గర పల్లెటూరండి, నేను ఆడింది కబడ్డీ. సంక్రాంతి పోటీల్లో ఫైనల్, ఒక్క పాయింట్ వెనకున్నాం, అంతకు ముందు రెండు రైడ్లు ఖాళీగా వచ్చేశాయి కాబట్టి మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే రైడర్ ఔట్. అవతల ఐదుగురే ఉన్నారు, ఆరుగురుంటేనే బోనస్ కాబట్టి అదీ లేదు, ఎవర్నో ఒకర్ని ముట్టుకునే రావాలి. కార్నర్‌లో వాడు నా చీలమండ పట్టేశాడు, గీతకి జానెడు దూరంలో కూత ఆగిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఎవరూ మాట్లాడలేదు, తిట్టినా బాగుండేది అనిపించింది. దిగేటప్పుడు మా కెప్టెన్ నా భుజం మీద చెయ్యేసి "ఆ రైడ్‌కి నిన్ను పంపింది నేనే కదరా" అన్నాడు. అంతే. చాలా ఏళ్ళయింది, ఇవాళ మా దుకాణంలో కుర్రాడు సరుకు పాడుచేసినా ముందు నాకు ఆ మాటే గుర్తొస్తుందండి, వాడికి ఆ పని అప్పజెప్పింది నేనే కదా అని. మీరూ మీ అమ్మాయికి అలాంటిదేదో ఒకటి చెప్పండి, ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
మా బాబుని ఆరేళ్ళుగా టోర్నమెంట్లకి తిప్పుతున్నానండి. ఓడి బయటికి రాగానే గేమ్ గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడను, ముందు పెరుగన్నం. ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్ సాయంత్రం వాడంతట వాడు తీస్తేనే. రేటింగ్ సంగతి అస్సలు పట్టించుకోకండి, చిన్నపిల్లలకి కె ఫ్యాక్టర్ (ఒక గేమ్‌తో రేటింగ్ ఎంత మారొచ్చో చెప్పే అంకె) 40 కాబట్టి తమ రేటింగే ఉన్నవాళ్ళ చేతిలో ఒక్క గేమ్ ఓడితే 20 పాయింట్లు పోతాయి, గెలిస్తే అలాగే వస్తాయి. ఇంకోటి, ఇలాంటి టోర్నమెంట్లు నడిపే స్విస్ పద్ధతిలో ఓడినా ఎవర్నీ ఇంటికి పంపరు, దాదాపు సమాన పాయింట్లున్న వాళ్ళకే జత కడతారు. అంటే ఏడో రౌండ్‌లో మీ పాప ఎదురుగా కూర్చున్న బిడ్డ కూడా అప్పుడే ఓడొచ్చి ఉండొచ్చు. మా వాడు ఒకసారి కళ్ళు ఉబ్బిన పిల్లాడితో ఆడి గెలిచొచ్చి, అమ్మా వాడు కూడా ఏడ్చాడు అని ఆ రోజంతా అదే చెప్పాడు. మన గుడివాడ కోనేరు హంపి 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మహిళల వరల్డ్ ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ఆడే చెస్) మొదటి రౌండే ఓడింది, చివరికి 11 రౌండ్లకి 8.5 పాయింట్లతో టైటిల్ కొట్టింది, 2019 తర్వాత రెండోసారి. పాపకి చెప్పండి.

మానేసిన_ఆటగాడు:
అక్కా, మిగతావన్నీ ఒప్పుకుంటాను గానీ హంపి గారి మాట ఇప్పుడే వద్దు. నాకు చిన్నప్పుడు ఓడిన ప్రతిసారీ ఎవరో ఒక గొప్పవాళ్ళ కథ చెప్పేవాళ్ళు, నాకేమో నేను వాళ్ళలా కాలేదనే వినపడేది. ఇంటర్‌లో మానేశాను, మానేయడం తప్పనిపించలేదు. ఎదుటివాడు ఆ ఎత్తు ఎందుకు వేశాడో చూసుకోకుండా నీది వేయకు అని మా సార్ అనేవారు, అదొక్కటి ఉండిపోయింది, ఇంట్లో గొడవలప్పుడు కూడా పనికొస్తోంది. ఆడాలా వద్దా అనేది పాపనే తేల్చుకోనివ్వండి అన్నా.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
నిజమే తమ్ముడూ, నేనలా ఆలోచించలేదు. పాప అడిగితేనే చెప్పండి.

గుంటూరు_నాన్న:
అందరికీ థాంక్సండి. రాత్రి పక్కన కూర్చుని, ఆ రోజు నేనలా అనకూడదమ్మా, గుర్రం ఎక్కువుంటే తేలికేనని ఆడనివాణ్ణి నేనన్నాను అని చెప్పాను. ఏం మాట్లాడలేదు. పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే మడతలు పడ్డ స్కోర్‌షీట్ తెచ్చి 31వ ఎత్తు మీద వేలు పెట్టింది, "ఇక్కడ నాకింకా నలభై నిమిషాలుంది నాన్నా, గెలిచేశాననుకుని చూడకుండా వేసేశాను" అంది. మళ్ళీ ఆడతావా అని నేను అడగలేదు. బస్సు పోయినా ఫర్వాలేదని బ్యాగ్ కింద పెట్టేసి, బోర్డు మీద ఆ పొజిషన్ పెట్టమన్నాను.