కొత్త పీసీకి మదర్‌బోర్డ్ డ్రైవర్లు: విండోస్ అప్‌డేట్‌కి వదిలేయాలా, మనమే వేసుకోవాలా?

అనుమానాల పుట్ట:
మొదటిసారి పీసీ నా చేతులతో నేనే బిగించుకున్నాను. ఏఎండీ రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 బోర్డు, విండోస్ 11. నెట్ కలపగానే విండోస్ చాలా డ్రైవర్లు (ఒక్కో భాగాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములు) దానంతట అదే తెచ్చుకుంది. డివైస్ మేనేజర్‌లో ఇంకా డ్రైవర్ లేదని చెప్పే పసుపు గుర్తులు రెండున్నాయి. ఒకటి ‘పీసీఐ ఎన్‌క్రిప్షన్/డీక్రిప్షన్ కంట్రోలర్’, రెండోది ఉత్త ‘అన్‌నోన్ డివైస్’. బోర్డు కంపెనీ సైట్‌లో చూస్తే 14 ఫైళ్లు! అన్నీ వేయాల్సిందేనని స్నేహితుడు, ఏదీ ముట్టుకోవద్దని తమ్ముడు. ఎవరి మాట వినను?

రాత్రిపక్షి:
తమ్ముడి మాట వినండి. సీడీ పెట్టి వరుసగా అన్నీ వేసుకునే రోజులు పోయాయి. విండోస్ అప్‌డేట్‌లో వచ్చే డ్రైవర్లు కూడా ఆ చిప్ కంపెనీలు పంపినవే. ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ తెరిచి చూడండి, మీ రెండూ అక్కడే ఉండొచ్చు. నడుస్తున్నదాన్ని కెలికి టెన్షన్ తెచ్చుకోవడం ఎందుకు?

స్క్రూడ్రైవర్:
పసుపు గుర్తు లేనంత మాత్రాన సరైన డ్రైవర్ ఉన్నట్టు కాదు బ్రో. ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ మీద కూడా బొమ్మ వస్తుంది, గుర్తేమీ ఉండదు. అంతమాత్రాన దాని మీద గేమ్ ఆడతామా? చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని బోర్డులోని మిగతా భాగాలతో కలిపే చిప్) డ్రైవర్ల ప్యాకేజీలో కూడా పనికొచ్చేవి ఉంటాయి. ఏఎండీ 7950ఎక్స్3డీ ప్రాసెసర్ సంగతి తీసుకోండి. అందులో కోర్లు రెండు ముక్కల మీద ఉంటాయి, అదనపు క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఒక ముక్క మీదే ఉంటుంది. గేమ్‌ని ఆ వైపుకే పంపే ఏర్పాటుకు ఏఎండీ చిప్‌సెట్ ప్యాకేజీలోని డ్రైవరే కావాలి. మీ 7600కి ఆ గొడవ లేదనుకోండి, అయినా చిప్‌సెట్ డ్రైవర్ మానొద్దు.

రాత్రిపక్షి:
ఏఎండీ వరకు ఒప్పుకుంటాను. ఇంటెల్‌లో ‘చిప్‌సెట్ డ్రైవర్’ అని మనం పిలిచేది చాలావరకు ఐఎన్‌ఎఫ్ ఫైళ్లే. ఈ పరికరం పేరు ఇదీ అని విండోస్‌కి చెబుతాయి, అంతే. దానితో వేగం పెరిగిందని చెప్పేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. ఇంకో తమాషా: వాటి తేదీ 1968 జూలై 18 అని ఉంటుంది, అంటే ఇంటెల్ పుట్టిన రోజు. అది చూసి ‘అయ్యో, నా డ్రైవర్ ఇంత పాతదా’ అని కంగారుపడే పోస్టు ఎప్పుడూ ఒకటి కనిపిస్తుంది. కావాలనే అలా పెట్టారు. ఒకే పరికరానికి సమానంగా సరిపోయే డ్రైవర్లు రెండుంటే, విండోస్ కొత్త తేదీ ఉన్నదాన్ని తీసుకుంటుంది. ఈ పేర్ల ఫైలు వెళ్లి అసలు డ్రైవర్ని తోసేయకూడదని ఆ పాత తేదీ. విండోస్‌తో పాటు వచ్చే మైక్రోసాఫ్ట్ డ్రైవర్ల మీద 2006 జూన్ 21 ఉండేది కూడా ఇలాంటి కారణానికే.

పాతకాపు:
మీరిద్దరూ నెట్ వచ్చాక సంగతి మాట్లాడుతున్నారు. అసలు నెట్టే రాకపోతే? పోయినసారి నేను బిగించినప్పుడు విండోస్ 11 సెటప్ ‘నెట్‌వర్క్‌కి కలపండి’ అన్న దగ్గర ఆగిపోయింది. బోర్డు మీది 2.5 గిగాబిట్ ల్యాన్‌నీ గుర్తుపట్టలేదు, వైఫైనీ గుర్తుపట్టలేదు. రెండూ ఆ విండోస్ కాపీ కంటే కొత్త చిప్‌లు. చివరికి ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే గండం గడిచింది. అందుకే బిగించే ముందే ల్యాన్, వైఫై డ్రైవర్లు పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకోమంటాను. బోర్డు మీద రివిజన్ నంబర్ కూడా చూడండి. ఒకే మోడల్‌లో రివిజన్ మారితే వైఫై చిప్ మారిపోవచ్చు.

ఇంటెల్ వాళ్లకి ఇంకో మాట. సెటప్‌లో ఎస్‌ఎస్‌డీ కనపడకపోతే అది పాడైందనుకోకండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) వీఎండీ (ఎస్‌ఎస్‌డీలను చూసుకునే ఇంటెల్ ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ‘లోడ్ డ్రైవర్’ నొక్కి దాని డ్రైవర్ ఇవ్వాలి, లేదా వీఎండీ ఆపేయాలి. ఆపేది మాత్రం విండోస్ వేయకముందే. తర్వాత మారిస్తే అది బూట్ అవ్వకుండా మొండికేయవచ్చు.

స్క్రూడ్రైవర్:
పుట్ట గారూ, ఆ గుర్తున్న డివైస్ మీద ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. 8086 అని ఉంటే ఇంటెల్, 1022 అయితే ఏఎండీ, 10ఈసీ అయితే రియల్‌టెక్. ఎవరిదో తెలిస్తే 14 ఫైళ్లతో పని లేదు. చిప్‌సెట్ ఏఎండీ సైట్ నుంచి తెచ్చుకోండి, బోర్డు సైట్‌లో పాతది ఉండిపోతుంటుంది. ఆడియో మాత్రం బోర్డు సైట్‌దే మేలు. జాక్‌ల అమరిక బోర్డుని బట్టి ఉంటుంది.

రాత్రిపక్షి:
లైట్ల సాఫ్ట్‌వేర్, ‘ఆల్ ఇన్ వన్’ యుటిలిటీ జోలికి మాత్రం వెళ్లొద్దు. కొన్ని బోర్డులు మనం అడక్కుండానే మొదటి బూట్‌లో ‘ఇన్‌స్టాల్ చేయమంటారా’ అని పైకి తేలతాయి. విండోస్ మళ్లీ కొత్తగా వేసినా తేలతాయి, ఎందుకంటే అలా అడిగే ప్రోగ్రామ్ డిస్కులో లేదు, బయోస్‌లో ఉంది. ఆపాలన్నా అక్కడే ఆపాలి. డ్రైవర్లు వెతికిపెడతామనే బయటి సాఫ్ట్‌వేర్లయితే ఇంకా దండగ.

అనుమానాల పుట్ట:
ఎన్‌క్రిప్షన్ దానికి 1022 అని ఉంది. ఆప్షనల్ అప్‌డేట్స్‌లో దొరకలేదు రాత్రిపక్షి గారూ, వెతికాను. ఏఎండీ సైట్ నుంచి చిప్‌సెట్ వేసి రీస్టార్ట్ చేస్తే రెండు గుర్తులూ పోయాయి. హెడ్‌ఫోన్స్ బాగానే పలుకుతున్నాయి, ఆడియో కదపలేదు. తమ్ముడికి చెబితే ‘నేను చెప్పింది మిగతా 13 గురించి’ అంటున్నాడు.