ఒహాయోలో ఎంఎస్ అకౌంటింగ్: లాప్‌టాప్, సీపీఏ కోర్సు గురించి సలహా కావాలి

తిరుపతి అమ్మాయి (కొత్త)
అందరికీ నమస్కారం. తిరుపతిలో మూడేళ్ల బీకాం చేసి, ఎంఎస్ అకౌంటింగ్ కోసం ఈ నెల్లోనే ఒహాయో వచ్చాను. మొత్తం 30 క్రెడిట్లు. రెండే ప్రశ్నలు. లాప్‌టాప్ మ్యాక్ కొనాలా, విండోసా? సీపీఏ (అమెరికా అకౌంటెంట్ లైసెన్సు) పరీక్షకు తయారు చేసే రివ్యూ కోర్సు డిస్కౌంట్‌లో ఉంది, ఇప్పుడే కొనేయాలా?

చంద్రగిరి అన్న
అమ్మణ్ణీ, లాప్‌టాప్ యాడికీ పోదు. ముందు నీ ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చిన ఫారం) మొదటి పేజీలో మేజర్ పక్కనుండే ఆరంకెల కోడ్ చూడు. 52.0301 అయితే మామూలు అకౌంటింగ్. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కింద రాదు, చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే గడువు, 12 నెలలతో సరి. 52.1301 అయితే స్టెమ్, ఇంకో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు. ఆ తర్వాత ఉద్యోగానికి కావలసిన హెచ్-1బీ వీసా లాటరీ మార్చిలో తీస్తారు, ఉద్యోగం మొదలయ్యేది అక్టోబరు 1న. 12 నెలలోళ్లకు చేతికి దొరికేది మామూలుగా ఒక్క మార్చి. కంపెనీలోళ్లు ఈ లెక్క వేసుకున్నాకే ఇంటర్వ్యూకి పిలుస్తారు.

కోర్సు పేరు చూసి నమ్మొద్దు. ఉత్త 'అకౌంటింగ్' అని పేరుండి స్టెమ్ కోడ్ ఉండేవి ఉన్నాయి, పేరు ఘనంగా ఉండి 52.0301 ఉండేవీ ఉన్నాయి. మీ డిపార్ట్‌మెంట్లో అనలిటిక్స్ ట్రాక్ ఏదన్నా ఉంటే మొదటి సెమిస్టర్లోనే డీఎస్‌ఓని (కాలేజీలో విదేశీ స్టూడెంట్ల వీసా కాగితాలు చూసే ఆఫీసరు) కలిసి, మారితే కొత్త ఐ-20 ఇస్తారా అని అడుగు. ఆఖరి సెమిస్టర్లో అడిగితే ఆ సబ్జెక్టులు చదవడానికి టైముండదు.

పుత్తూరు మామ
కోడ్ సరే, క్రెడిట్ల లెక్క ఎవురూ చెప్పరేమబ్బా? మన మూడేళ్ల బీకాంకి ఇక్కడ మామూలుగా 90 సెమిస్టర్ క్రెడిట్లు కడతారు. ఎంఎస్ 30 కలిపితే 120. సీపీఏ లైసెన్సుకి 150 కావాల. నాలుగో ఏడు ఆనర్స్ చేసినోళ్లకీ, ఎంకాం ఉండేవాళ్లకీ ఈ గొడవ తక్కువ.

ఇంకోటి, బ్రిడ్జ్ కోర్సులు. ఇంటర్మీడియట్ అకౌంటింగ్ 1, 2, ఫెడరల్ టాక్స్, ఆడిటింగ్ ఇక్కడ చదవలేదని ముందు అవి చేయమంటారు. ఫీజు నీదే, డిగ్రీకి కావలసిన 30లో వాటిని కలపరు. అందుకని అందరూ బతిమాలి మాఫీ చేయించుకుంటారు. అదే తప్పు. చాలా రాష్ట్రాల సీపీఏ బోర్డులు అకౌంటింగ్‌లోనే 24 నుంచి 30 గంటలు, అంటే క్రెడిట్లు, అడుగుతాయి. నువ్వు బీకాంలో చదివిన ఇన్‌కమ్ టాక్స్, జీఎస్టీ పేపర్లను అమెరికా టాక్స్ కింద ఒప్పుకోవాలంటే కష్టం. ఈ బ్రిడ్జ్ గంటలే అప్పుడు ఆదుకునేది.

చంద్రగిరి అన్న
మామా, 150 పాత మాట. ఒహాయోలో 2025 జనవరిలోనే చట్టం మార్చినారు. 2026 జనవరి 1 నుంచి మాస్టర్స్ ఉంటే ఏడాది అనుభవం, బాచిలర్స్ అయితే రెండేళ్లు. 150 పట్టుకుని వేలాడే పని లేదు.

పుత్తూరు మామ
చట్టం మారింది, కాదన్లేదు. రేపు ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో వస్తే? అన్ని రాష్ట్రాలూ ఒకే రోజు మారలేదు, షరతులూ ఒకటి కాదు. పైగా మన మూడేళ్ల డిగ్రీని అసలు బాచిలర్స్‌గా లెక్కేస్తారా లేదా అనేది ఎవాల్యుయేషన్‌లో (మన డిగ్రీని ఇక్కడి డిగ్రీతో ఏజెన్సీ పోల్చి చూసేది) తేలాల్సిందే. పిల్లకి సగం మాట చెప్పొద్దు.

పలమనేరు బాబాయ్
ఎవాల్యుయేషన్ అన్నారు కాబట్టి చెప్తున్నా. మనవైపు నుంచి వచ్చిన ఒక పిల్లోడికి ఇదొక్కటే నాలుగు నెలలు తినింది. యూనివర్సిటీ వాళ్లు సీల్ చేసిచ్చిన కవరును, లోపల మార్కులు సరిగ్గా ఉన్నాయో లేదోనని ఇంట్లో పెద్దాయన విప్పి చూసి, మళ్లీ గమ్ పెట్టి అంటించి పంపినాడు. కవరు మడత మీద స్టాంపు గీత కలవలేదు. ఏజెన్సీ తిప్పి కొట్టింది. రెండోసారి కన్సాలిడేటెడ్ మెమో ఒక్కటే పోయింది, సెమిస్టర్ల వారీ మెమోలు కావాలని మళ్లీ వెనక్కి. మూడోసారి పేరు దగ్గర ఆగింది. పదో తరగతిలో ఇంటిపేరు ఒక్క అక్షరం, డిగ్రీలో అదే అక్షరం పేరు చివర, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో. ముగ్గురూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ పంపేదాకా ఫైలు కదల్లేదు. ఈలోపు ఆఫీసులో చేరాల్సిన తేదీ దాటిపోయింది.

మీ నాన్న తిరుపతిలోనే ఉంటే ఆథరైజేషన్ లెటర్, నీ ఐడీ కాపీ ఇచ్చి యూనివర్సిటీ పరీక్షల విభాగానికి పంపు. ఒకటి కాదు, మూడు సెట్లు సీల్డ్ కవర్లు తీసుకోమను. ప్రతి కవరు మడత మీదా సంతకం, దాని మీద స్టాంపు పడాల. సిలబస్ కాపీ కూడా అడగమను, ఏ పేపర్లో ఏముందో బోర్డు అడిగినప్పుడు అదే ఆధారం. ఒరిజినల్ మెమోలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

శ్రీకాళహస్తి అక్క
చదువు సంగతి కూడా రోంత చెప్పండి. డెబిట్, క్రెడిట్ ఎక్కడైనా ఒకటే. తేడా వచ్చేది నిబంధనల్లో. మన ఇండ్ ఏఎస్‌లో (ఇండియా అకౌంటింగ్ ప్రమాణాలు) లిఫో (చివర కొన్న సరుకు ముందు అమ్మినట్టు లెక్కేసేది) నిషిద్ధం, ఇక్కడ చెల్లుతుంది. భూమి, భవనాల విలువ పెంచి రాసుకునే రీవాల్యుయేషన్ మన దగ్గర ఉంది, ఇక్కడ లేదు. ఇంపెయిర్‌మెంట్ కింద ఒకసారి తగ్గించిన ఆస్తి విలువను అక్కడ షరతులతో మళ్లీ పెంచొచ్చు, ఇక్కడ వాడుకలో ఉంచుకున్న ఆస్తికి కుదరదు. డెవలప్‌మెంట్ ఖర్చు మన దగ్గర షరతులు కుదిరితే ఆస్తి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ లాంటివి తప్పిస్తే ఆ ఏడాది ఖర్చే. లీజులు చూడు: ఇండ్ ఏఎస్ 116లో అద్దెకు తీసుకున్నవాళ్లకు ఒకే పద్ధతి, ఇక్కడి లీజు నిబంధన ఏఎస్‌సీ 842లో ఆపరేటింగ్, ఫైనాన్స్ అని రెండు. బ్యాలెన్స్ షీటు కూడా తలకిందులే. మన కంపెనీల చట్టం షెడ్యూల్ 3లో నాన్-కరెంట్ ఆస్తులు ముందు, ఇక్కడ క్యాష్ ముందు. బీకాం ఫస్ట్ క్లాసులో పాసైనోళ్లు కూడా మిడ్‌టర్మ్‌లో దెబ్బతినేది ఇక్కడే. లెక్క కరెక్టే, నిబంధన వేరే దేశానిది.

పరీక్షకొస్తే, 2024 జనవరి నుంచి సీపీఏలో మూడు కోర్ పేపర్లు: ఆడ్ (ఆడిటింగ్), ఫార్ (ఫైనాన్షియల్ అకౌంటింగ్), రెగ్ (టాక్స్, చట్టం). నాలుగోది బార్ (అనలిసిస్, రిపోర్టింగ్), ఐఎస్‌సీ (ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్), టీసీపీల్లో (టాక్స్ ప్లానింగ్) ఒకటి. ఒక్కోటి నాలుగు గంటలు, పాస్ 75. ఇంటర్మీడియట్ 2 అయిన వేడి మీదే ఫార్ రాసేయ్. టాక్స్ ఇష్టమైతే రెగ్, వెంటనే టీసీపీ. ఒకటి పాసైనాక మిగతావి పూర్తి చేయడానికి చాలా రాష్ట్రాల్లో ఇప్పుడు 30 నెలల గడువు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు చెన్నైలోనో బెంగళూరులోనో కూడా రాయొచ్చు, దానికి అదనపు ఫీజు ఉంటుంది.

చంద్రగిరి అన్న
అక్కా, పరీక్ష తర్వాత. సెప్టెంబరులో అకౌంటింగ్ ఫర్మ్‌లు క్యాంపస్‌కొచ్చే 'మీట్ ద ఫర్మ్స్' పోతే మళ్లీ ఏడాది ఆగాల. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్ సీట్లు ఇప్పుడే నిండుతాయి. బీటా ఆల్ఫా సై (అకౌంటింగ్ స్టూడెంట్ల సంఘం) శాఖ మీ క్యాంపస్‌లో ఉంటే అందులో చేరు, ఆ ఫర్మ్‌లోళ్లు మీటింగులకొస్తారు.

ఆడిట్‌లో, టాక్స్‌లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరాడదు. అది వద్దనుకుంటే కంపెనీల్లో స్టాఫ్ అకౌంటెంట్: నెలాఖరు క్లోజ్, అక్రూవల్స్, బ్యాంక్ రికన్సిలియేషన్. దానికి సీపీఏ లేకపోయినా చేర్చుకుంటారు, పైకి పోవాలంటే మాత్రం సీపీఏనో సీఎంఏనో (మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ సర్టిఫికెట్) అడుగుతారు. యూనివర్సిటీల్లో ఫైనాన్స్ ఆఫీసులు, ఇంటర్నల్ ఆడిట్ కూడా చూడు. వాటికి హెచ్-1బీ లాటరీ లేదు. ఇది చాలామందికి తెలీదు.

పుత్తూరు మామ
రేపు వెనక్కి పోయేదుంటే అదీ చెప్పు. ఇండియాలో కంపెనీల చట్టబద్ధ ఆడిట్ మీద సంతకం పెట్టేది సీఏ ఒక్కరే, అమెరికా సీపీఏకి ఆ హక్కు లేదు. హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల్లో అమెరికా టాక్స్ పని చేసే ఆఫీసుల్లో మాత్రం విలువుంది.

మదనపల్లె తమ్ముడు
అక్క అడిగిందేమో లాప్‌టాప్! విండోస్ కొను అక్కా. ఎక్సెల్‌లో పవర్ పివట్ (పెద్ద డేటాను విశ్లేషించే టూల్) మ్యాక్‌లో లేదు, ఆల్ట్ కీ షార్ట్‌కట్లు కూడా అట్లా పని చేయవు. ఆఫీసుల్లో చేతులు పరిగెత్తేది వాటి మీదే. ర్యామ్ 16 జీబీ తీసుకో. రివ్యూ కోర్సు ఇప్పుడొద్దు. ఆఫరిచ్చిన ఫర్మ్‌లు చాలావరకు అవే కొనిస్తాయి.

తిరుపతి అమ్మాయి (కొత్త)
అందరికీ థాంక్స్. నా కోడ్ 52.0301 అనే ఉంది, రేపే డీఎస్‌ఓ దగ్గరికి పోతాను. ఇంకొక్కటి. లైబ్రరీలో వారానికి 20 గంటల పని దొరికింది. జీతంలో ఏమేం పట్టుకుంటారు?

శ్రీకాళహస్తి అక్క
ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పెన్షన్, వైద్యం పన్నులు) కలిపి 7.65 శాతం పట్టకూడదు. మొదటి పే స్టబ్‌లోనే (జీతం చీటీ) చూసుకో. పట్టుంటే ముందు పేరోల్ వాళ్లనే అడుగు, వాళ్లు వెనక్కివ్వకపోతే 843 ఫారానికి 8316 ఫారం జతచేసి ఐఆర్ఎస్‌కి (అమెరికా ఇన్‌కమ్ టాక్స్ శాఖ) పంపాల. ఏప్రిల్‌లో ఫైల్ చేసే టాక్స్ ఫారం 1040-ఎన్ఆర్, దానికి తోడు 8843. మామూలు 1040 చేసే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. ఇండియా-అమెరికా టాక్స్ ఒప్పందం ఆర్టికల్ 21(2) కింద మన స్టూడెంట్లకు స్టాండర్డ్ డిడక్షన్ ఉంది, వేరే దేశాల స్టూడెంట్లకు మామూలుగా ఉండదు. జనవరిలో క్యాంపస్‌లో వీటా సెంటర్ (ఉచితంగా టాక్స్ ఫారాలు నింపిచ్చేది) పెడతారు. ఆన్‌లైన్ టెస్టు రాసి అందులో వాలంటీర్‌గా చేరితే ఈ ఫారాలన్నీ చేత్తో నేర్చుకుంటావు, రెజ్యూమెలో కూడా రాసుకోవచ్చు.