ఆకు మీది మచ్చలను బట్టి కలబంద జాతిని తేల్చవచ్చా?

ప్రశ్న:

దక్షిణాఫ్రికాలో ప్రిటోరియాకు ఉత్తరాన ఉన్న గడ్డిభూముల్లో, అక్కడి చలికాలమైన జూలై నెలలో, ఆకుల నిండా తెల్లమచ్చలున్న కలబందలు గుంపులు గుంపులుగా పూసి కనిపించాయి. మొదలు నేలకు అంటుకొని ఉంది, అంచుల్లో గట్టి గోధుమరంగు ముళ్ళున్నాయి, ఆకు కొసలు ఎండి మెలితిరిగాయి, పూలు లేత గులాబి రంగులో ఉన్నాయి. నా దగ్గరున్న పాత పుస్తకాన్ని బట్టి ఇది అలో సపొనేరియా (కలబందల ప్రజాతి శాస్త్రీయ నామం అలో) అనిపిస్తున్నది, అయితే పక్కపక్కనే ఉన్న రెండు మొక్కల మచ్చలే ఒకదానితో ఒకటి పోలడం లేదు. ఏ గుర్తులతో నిర్ధారించాలి? ఒక పిలకను గుంటూరులోని మా పెరటికి తెచ్చుకోవచ్చా?

జవాబు 1:

మచ్చలను నమ్ముకోవద్దు. మన ఇళ్ళలోని మామూలు కలబంద పిలకలకు కూడా లేతదశలో మచ్చలుండి, ముదిరేకొద్దీ పోతాయి. ఎండ, నీటి ఎద్దడి వల్ల ఒకే మొక్క రంగు కూడా మారుతుంది. ఒక పువ్వును పక్కనుంచి చూడండి. అండాశయం చుట్టూ గొట్టం అడుగుభాగం గుండ్రంగా ఉబ్బి, దాని పైన ఒక్కసారిగా నొక్కినట్టు సన్నబడి, మళ్ళీ కొసవైపు విప్పారితే అది పిక్టే అనే వర్గంలోని అసలు మచ్చల కలబంద. కలబందకు దగ్గరి బంధువైన గ్యాస్టీరియా పువ్వుకు కూడా అడుగున ఉబ్బు ఉంటుంది గాని, పువ్వు వంగి ఉంటుంది, ఆకు అంచులకు ముళ్ళుండవు. మచ్చలున్నంత మాత్రాన ఈ వర్గంలో చేర్చలేమనడానికి ఒకప్పటి అలో వేరియగేటా మంచి ఉదాహరణ: ఇప్పుడు దానిని గోనియాలో అనే వేరే ప్రజాతిలో పెట్టారు.

జవాబు 2:

వర్గం తేలాక పూలగుత్తి ఆకారమే అసలు ఆధారం. మీ పుస్తకంలోని అలో సపొనేరియాను ఇప్పుడు అలో మాక్యులేటా అంటున్నారు, ఎందుకంటే 1773లో ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు అలియోని పెట్టిన ఆ పేరే ముందుది. దానిలో కింది పూల తొడిమలు పొడవుగా, పైవి పొట్టిగా ఉండడం వల్ల గుత్తి పైభాగం దాదాపు చదునుగా కనిపిస్తుంది. మీరు చూసిన చోట, చలికాలంలో, లేత గులాబి పూలతో, గుత్తి శంఖువు ఆకారంలో ఉంటే అది చాలావరకు అలో డేవియానా అయివుంటుంది. ఆకు అడుగుభాగం తిప్పి చూడండి: అక్కడ మచ్చలు లేకుండా తెల్లబారిన ఆకుపచ్చగా ఉండడం దీని లక్షణం. పశువులు ఎక్కువగా మేసిన గడ్డిభూముల్లో ఇది బాగా పెరుగుతుంది. అక్కడి తేనెటీగల పెంపకందార్లు చలికాలంలో పెట్టెలను లారీల మీద దీని పూల దగ్గరికి తరలిస్తారు. ఈ వర్గంలోదే అయిన అలో జీబ్రినా అయితే సాధారణంగా అక్కడి వేసవి చివరలో పూస్తుంది, కాబట్టి జూలై పూత దానికి సరిపడదు.

జవాబు 3:

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను గాని, పేరును అంత ధీమాగా రాయవద్దని నా మనవి. డేవియానాను కొందరు విడి జాతిగా, మరికొందరు అలో గ్రేట్‌హెడియై అనే జాతిలో ఒక రకంగా లెక్కిస్తారు. పైగా ఈ వర్గంలోని మొక్కలు ఒకదానితో ఒకటి సులభంగా సంకరమవుతాయి. రెండు జాతులు కలిసి పెరిగేచోట మధ్యరకాలు కనబడితే వాటికి బలవంతంగా ఒక పేరు తగిలించడం కంటే, చోటు, తేదీ, మొత్తం పూలకాడ, విడి పువ్వు ఫొటోలతో నమోదు చేసి వదలడం మేలు. ఆకును తుంచి పసరు ఆరాక ఏ రంగుకు తిరిగిందో కూడా కొందరు చూస్తారు, ఎందుకంటే అలో పార్విబ్రాక్టియాటాలో అది ఊదారంగుకు మారుతుంది; కానీ ఊరికే ప్రతి మొక్కనూ గాయపరచనక్కరలేదు.

ఇక పిలక సంగతి: మన మామూలు కలబంద తప్ప తక్కిన కలబందలన్నీ అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో గానీ, మరీ అరుదైనవి మొదటి అనుబంధంలో గానీ ఉన్నాయి. అనుమతి పత్రాలు లేకుండా అడవి మొక్కను దేశం దాటించడం నేరం. గుంటూరు పెరటికి మచ్చల కలబందే కావాలంటే నర్సరీలో పెంచిన మొక్క కొనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:

ఫొటోలను మళ్ళీ చూశాను. గుత్తులు శంఖువులాగే ఉన్నాయి, ఒక ఆకు అడుగుభాగం కనిపిస్తున్నచోట మచ్చల్లేవు. అయితే గుంపు చివర ఒక మొక్క గుత్తి మాత్రం చదునుగా, పూలు ముదురు నారింజ రంగులో ఉన్నాయి.

జవాబు 2 రాసినవారు:

ఆ ఒక్కదాన్నీ విడిగా నమోదు చేయండి. తక్కినవాటిని డేవియానా అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెడితే చాలు.