బొడ్డుపల్లెను ‘గొడ్డేఱి’: రేఫమా, బండిరా?

బందరు నుంచి:
నేల గుత్త సొమ్ము చెల్లించలేక శిక్ష అనుభవిస్తూ చెప్పినట్టుగా శ్రీనాథుని పేరున చెల్లుతున్న “కవిరాజు కంఠంబు కౌఁగిలించెను గదా” సీసం ఎత్తుగీతిలో (సీసం చివర వచ్చే తేటగీతిలో) ఒక అక్షరం కొంతకాలంగా నన్ను వేధిస్తోంది. “కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము, బిలబిలాక్షులు తినిపోయెఁ దిలలు పెసలు” వరకు తడబాటు లేదు. ఆ తర్వాతి పాదాన్ని మా నాన్నగారు “బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి” అని చదివేవారు. అచ్చులో మాత్రం బండిరతో (ఱతో) “గొడ్డేఱి” అని చూశాను. ఏఱు అంటే నది, ఏరు అంటే నాగలి. ఈ పాదంలో ఏది నిలుస్తుందో పెద్దలు చెప్పగలరు.

హైదరాబాదు నుంచి:
ఛందస్సు ఇక్కడ ఏమీ తేల్చదు. తేటగీతికి ప్రాసనియమం లేదు, ఆ అక్షరం యతిస్థానంలోనూ పడలేదు. ఇదే మాట కందంలో రెండో అక్షరాన్ని పట్టుకొని ఉంటే మిగిలిన మూడు పాదాలు సాక్ష్యం చెప్పేవి. నా మట్టుకు ఇందులో నదీ లేదు, నాగలీ లేదు. “ఏఱి” అన్నది క్త్వార్థకం, అంటే “ఏరుకొని” అనే అసమాపక క్రియ. పండని గొడ్డునేలను ఏరికోరి గుత్తకు పట్టి మోసపోయానని కవి అంటున్నాడు. పైగా నదికి విభక్తుల ముందు వచ్చే ఔపవిభక్తిక రూపం “ఏటి” కదా! ఇదే కవికి అంటగట్టిన పల్నాటి పద్యంలో “నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు” అని స్పష్టంగా ఉంది. నది అయితే ఇక్కడ “గొడ్డేటి” అని ఉండవలసింది.

గుంటూరు నుంచి:
నాగులేటిని ప్రస్తావించారు కనుక ఒక మాట చెప్పక తప్పదు. పల్నాటి మీద ఉన్న చాటువులన్నీ (నోటి మీద నిలిచిన విడి పద్యాలన్నీ) శ్రీనాథునివే అనుకొని, ఒక దానిలోని రూపాన్ని మరొక దానికి ప్రమాణం చేయడం నిలవదు. “రసికుఁడు పోవఁడు పల్నాఁడు” అన్న కందానికీ, “జొన్నకలి జొన్నయంబలి” అన్న కందానికీ ఉన్న గొంతు వేరు, ఈ ఎత్తుగీతి గొంతు వేరు. మొదటి రెంటిలో భోగి అయినవాని విసుగు ఉంది. ఇక్కడ ఏడునూర్ల టంకాలు చెల్లించలేని ముసలివాని లెక్క ఉంది: పంటలో ఇంత కృష్ణ తీసుకుపోయింది, ఇంత పిట్టలు తిన్నాయి, మిగిలినది నేల మోసం. నైషధాన్ని తెనిగించిన చేయి ఇంత పొడిగా లెక్క చెప్పడమే ఈ పద్యానికి ప్రాణమని నేను నమ్ముతాను. ఆ లెక్కలో “గొడ్డేఱి” నేల పేరే అయి ఉండాలి; ఏరుకోవడం అనే క్రియను తెచ్చిపెడితే లెక్క బిగువు సడలుతుంది.

చెన్నై నుంచి:
నేల పేరే అయితే మా వైపు వినిపించే “ఏరి”ని ఎందుకు విడిచిపెట్టారు? తమిళంలో ఏరి అంటే చెరువు, అది సాధురేఫమే (మామూలు ర). గొడ్డు+ఏరి అంటే నీరు నిలవని చెరువు, దాని కింది ఆయకట్టు.

రాజమహేంద్రవరం నుంచి:
నేను గ్రంథాలయంలో ఉద్యోగం చేసి విరమించిన మనిషిని. నలుగురూ నిఘంటువుతోనూ వ్యాకరణంతోనూ వాదిస్తున్నారు. ఈ ప్రశ్నకు జవాబు ఉండగల కాగితాలు నిఘంటువుల వరుసలో ఉండవని మనవి చేస్తున్నాను. నేల పేరు కావాలంటే నేలను గురించి రాసిన కాగితాలే చూడాలి. గ్రామ కైఫియత్తులు (ఊరి చరిత్ర వివరాలు), వాటికి ఆధారమైన కరణాల దండకవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు), 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు, అడంగళ్ళు, ఊరి బడి స్వర్ణోత్సవానికి వేసిన సావనీరు, టైపు చేసి కట్టు కట్టిన ఎం.ఫిల్. వ్యాసం, సదస్సులో పంచి మరచిపోయిన సైక్లోస్టైల్ ప్రతి. మా వృత్తిలో వీటిని గ్రే లిటరేచర్ అంటాము. 1997లో లక్సెంబర్గ్ సదస్సు దీనికి నిర్వచనం ఇచ్చింది: ప్రభుత్వాలు, విద్యాసంస్థలు, వ్యాపార పారిశ్రామిక సంస్థలు వెలువరించినదై, వాణిజ్య ప్రచురణకర్తల అదుపులో లేనిది. 2004లో న్యూయార్క్ సదస్సు, ప్రచురణ ప్రధాన వృత్తి కాని సంస్థల నుంచి వచ్చినది అని దానికి చేర్పు చేసింది.

ఇప్పుడు నా ముందు కృష్ణ ఒడ్డునున్న ఒక ఊరి సావనీరు ఉంది. ఆ ఊరు బొడ్డుపల్లె కాదు. వెనుక అట్ట మీద ధాన్యం మిల్లు ప్రకటన, లోపల ఎరువుల దుకాణం శుభాకాంక్షలు. వాటి మధ్య నాలుగు పుటల్లో పాత కరణంగారు తమ ఊరి చేల పేర్లన్నీ వరుసగా రాసి, ఏది లంక, ఏది మెట్ట, ఏది ఏటి పాయ పూడి ఏర్పడిన నేల అని ఒక్కొక్క దానికి గుర్తు పెట్టారు. ఈ పుస్తకానికి ఐ.ఎస్.బి.ఎన్. లేదు, ధర లేదు, సంవత్సరం లోపలి సందేశం కింద తేదీని బట్టి తెలుసుకోవాలి. ఇలాంటి వాటికి ఏ వర్గసంఖ్య వేయాలో తెలియక, అక్సెషన్ రిజిస్టరులోకి ఎక్కించకుండా గోనెసంచిలో ఉంచి, ఆ తర్వాత పాతకాగితాల లెక్కలో తూకానికి వేయడం నేను చూశాను. ఆ కరణంగారు రాసిన చేల పేర్లు అచ్చయిన మరే పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

డాలస్ నుంచి:
రాజమహేంద్రవరం అమ్మగారి మాటను గౌరవిస్తూనే ఒక అభ్యంతరం తెలుపుతున్నాను. మెకంజీ 1821లో మరణించారు. ఆయన కోసం సేకరించిన కైఫియత్తులకూ శ్రీనాథునికీ మధ్య దాదాపు నాలుగు శతాబ్దాలు ఉన్నాయి. ఇనాం రిజిస్టర్లు అంతకన్నా తర్వాతివి. వాటిలో “గొడ్డేరి” దొరికినా అది పద్యంలోని మాట అని ఎలా చెప్పగలం? పద్యం ప్రసిద్ధమైన తర్వాత ఊరివారే ఆ పేరు పెట్టుకొని ఉండవచ్చు.

రాజమహేంద్రవరం నుంచి:
ఆ ప్రమాదం ఉన్నది, కాదనను. అందుకే ఒక్క ఊరి కాగితం చాలదు. పద్యంతో ఏ సంబంధమూ లేని ఊళ్ళలో అలాంటి నేలకు అలాంటి పేరు కనిపిస్తే అప్పుడు దానికి బలం వస్తుంది. అది అచ్చుపుస్తకాలలో దొరికే సమాచారం కాదు. ఇంకొకటి ఆలోచించండి. ఈ పద్యమే ఏ కావ్యంలోనూ లేదు. తాటాకుల చివర, నోటి మీద బతికిన చాటువులను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఏరి 1914లో చాటుపద్యమణిమంజరిగా అచ్చు వేయించారు. కావ్యం కాదు కదా అని ఆయన వాటిని పక్కన పెట్టి ఉంటే మనకు ఈ వాదమే ఉండేది కాదు. మెకంజీ సేకరణలో శిథిలమవుతున్న కైఫియత్తులకు బ్రౌను దొర నకళ్ళు రాయించకపోతే వాటిలో ఎన్నో మనదాకా వచ్చేవి కావు.

హైదరాబాదు నుంచి:
నకళ్ళ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ నకళ్ళు రాసిన కాలానికి లేఖకులు శకటరేఫాన్నీ (బండిరను) సాధురేఫాన్నీ విడదీసి రాయడం చాలావరకు మానేశారు. కనుక కైఫియత్తులో ఏ “ర” కనిపించినా మొదటి ప్రశ్నకు అది జవాబు కాదు. అర్థానికి సాక్ష్యం కావచ్చునేమో కాని అక్షరానికి కాదు. క్త్వార్థకమే అన్న నా మాట మీద నేను నిలబడే ఉన్నాను.

బందరు నుంచి:
అక్షరం తేలకపోయినా అర్థం తేలితే నాకు చాలు. అమ్మగారూ, ఆ సావనీరు నాలుగు పుటలూ ఫొటో తీసి పెట్టగలరా? ముఖపత్రాన్నీ, తేదీ ఉన్న పుటనూ కూడా కలపండి. లేకపోతే రేపు ఎవరైనా ఉదహరించాలన్నా దారి ఉండదు. దివి ప్రాంతపు ఊళ్ళ సంచికలు మా బంధువుల ఇళ్ళలో ఉన్నాయి, అవి నేను సేకరిస్తాను.

రాజమహేంద్రవరం నుంచి:
రేపే పెడతాను. మీరు సేకరించేటప్పుడు ప్రకటనల పుటలను విడిచిపెట్టకండి. తేదీ లేని సంచికకు కాలం కట్టాలంటే ఒక్కోసారి ఆ దుకాణాల పేర్లూ ఫోను నంబర్లలోని అంకెల సంఖ్యా తప్ప మరో ఆధారం ఉండదు.

గుంటూరు నుంచి:
నా దగ్గర పల్నాటి సంచికలు రెండు అరలు ఉన్నాయి, వాటి పట్టిక పంపుతాను. అయితే అందరూ ఎత్తుగీతి దగ్గరే ఆగిపోయారు. పైన సీసంలో “వీరభద్రారెడ్డి విద్వాంసు ముంజేత వియ్యమందెను గదా వెదురుగొడియ” అని ఉంది. ఆ గొడియ చేతికి వేసే సంకెలా, వేళ్ళను నొక్కే చీలికలా? శిక్షల వివరం రాసిన పాత రెవెన్యూ కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.